కమాను లేని ట్రాక్టరుకు బెల్టు వద్దు

దమ్ము రోజులొస్తే అత్తిలి మాగాణుల్లో ట్రాక్టర్లకు తీరిక ఉండదు. కాలువ గట్టు మీంచి చేలోకి దించేటప్పుడు, దిగబడ్డ చక్రాలను ఒక్కసారిగా లాగించేటప్పుడు బండి తిరగబడే ప్రమాదం ఉంది. ముందు చక్రాలు లేచాయంటే రెండు సెకన్లలోపే అంతా అయిపోతుంది. దూకే వ్యవధి ఎక్కడిది?

కారుకున్నట్టు ట్రాక్టరుకూ బెల్టు బిగిస్తే చాలదా అని కొందరు రైతులు అడుగుతుంటారు. చాలదు. సీటు దగ్గర రోల్‌బార్, అంటే ఇనప కమాను, ఉన్న బండికే బెల్టు కట్టుకోవాలి. బండి తిరగబడితే బరువు కమాను మోస్తుంది. దాని కింద మిగిలిన జాగాలోంచి మనిషి జారిపోకుండా బెల్టు పట్టి ఉంచుతుంది. కమాను లేకుండా బెల్టు కడితే మనిషిని బండి కింద కట్టేసినట్టే! కొబ్బరి మట్టలు తగులుతున్నాయని కమాను మడిచినప్పుడూ అంతే, బెల్టు తీసేయాలి. ఊళ్లో పైపులు వెల్డింగు చేయించి నిలబెట్టినదాన్ని నమ్మొద్దు. కంపెనీ పరీక్ష చేసినదే పెట్టించాలి.

స్వీడన్ దేశం కొత్త ట్రాక్టర్లకు కమాను తప్పనిసరి చేసింది 1959లోనే. వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ మూడు చోట్ల బిగించే కారు బెల్టు తెచ్చిందీ అక్కడే, ఆ ఏడాదే.

చుట్టుకునే రకం బెల్టులో పళ్లచక్రం ఉంటుంది. చాలావాటిలో దాని పక్కనే చిన్న గుండు. బండి కుదుపుతో వాలితే గుండు కదిలి మీటను లేపుతుంది, మీట పళ్లలో పడి పట్టీ ఆగిపోతుంది. దమ్ము బురద అందులో చేరితే ఆ పని జరగదు. పట్టీని సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి, గ్రీజు పూయొద్దు. పీచులు లేచిన పట్టీని కుట్టించకుండా కొత్తది వేయించండి.