వెబ్‌సైట్ కూడా లేని కుటుంబ ట్రస్టును నిధులు అడగడం ఎలా?

రాయ్‌పుర్ నుంచి బిలాస్‌పుర్ వెళ్లే దారిలో ఉన్న సిల్తారా, ఛత్తీస్‌గఢ్‌లోని పెద్ద పారిశ్రామికవాడల్లో ఒకటి. గోదావరి పవర్ అండ్ ఇస్పాత్, సార్డా ఎనర్జీ అండ్ మినరల్స్, జయస్వాల్ నెకో వంటి కంపెనీలకు ఇక్కడ ప్లాంట్లు ఉన్నాయి.

ఇలాంటి చోట బడి కోసమో, వైద్య శిబిరం కోసమో పనిచేసే చిన్న సంస్థకు రెండు దారులు ఉంటాయి. ఒకటి కంపెనీల సీఎస్ఆర్ నిధులు. రెండోది పారిశ్రామిక కుటుంబాలు ప్రచారం లేకుండా నడిపే ప్రైవేటు ట్రస్టులు.

రెండింటికీ తేడా ఏంటి?

నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు... వీటిలో ఏ ఒక్కటి దాటినా, ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కు ఖర్చు చేయాలి. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది.

అయితే ఆ పనిని బయటి స్వచ్ఛంద సంస్థకు అప్పగించాలంటే దానికి 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 నమోదు కూడా తప్పనిసరి.

కుటుంబ ట్రస్టు సొంత డబ్బుకు ఈ మూడేళ్ల షరతు లేదు. ట్రస్టు డీడ్‌లోని లక్ష్యాలకు లోబడి ట్రస్టీలే నిర్ణయిస్తారు. రెండేళ్ల కిందట పుట్టిన సంస్థకు ఈ తలుపే తెరుచుకోవచ్చు.

కొన్ని కంపెనీలు సీఎస్ఆర్ డబ్బును కుటుంబ ఫౌండేషన్ ద్వారానే ఖర్చు చేస్తాయి. అందుకే అది ఏ డబ్బో ముందే అడిగి తెలుసుకోవాలి.

పేరు ఎక్కడ దొరుకుతుంది?

ట్రస్టుకు వెబ్‌సైట్ లేకపోయినా, లిస్టెడ్ కంపెనీల వార్షిక నివేదికలు స్టాక్ ఎక్స్ఛేంజీల సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ‘రిలేటెడ్ పార్టీ’ లావాదేవీల పేజీ చూడండి. డైరెక్టర్ల కుటుంబాల ట్రస్టులతో ఆ ఏడాది లావాదేవీలు జరిగి ఉంటే, వాటి పేర్లు సాధారణంగా అక్కడే కనిపిస్తాయి. బోర్డు ఆమోదించిన సీఎస్ఆర్ ప్రాజెక్టుల వివరాలు కంపెనీ వెబ్‌సైట్లో ఉంటాయి.

ఏం అడగాలి?

ఒక్క పేజీ లేఖ చాలు. ఏ ఊరు, ఎంతమందికి, ఎంత ఖర్చు, లెక్కలు ఎప్పుడు చూపిస్తారు అన్నవి అందులో ఉండాలి.

కార్పస్ నిధి అడగొద్దు. పన్ను మినహాయింపు పొందే ట్రస్టు తన ఆదాయంలో కనీసం 85 శాతం సేవా కార్యక్రమాలకు వినియోగించాలి. మరో ట్రస్టుకు ఇచ్చే కార్పస్ విరాళం ఆ లెక్కలోకి రాదు. తీసుకునే సంస్థకు ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్ లేకపోయినా అంతే. కాబట్టి టీచర్ జీతం, మందుల ఖర్చు వంటి నిర్దిష్టమైన పనికే అడగడం మేలు.

ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. చివరి నెలల దాకా ఆగకుండా దసరా, దీపావళి నాటికే లేఖ పంపండి.

తీసుకునే ముందు...

సిల్తారాలో పొగ, దుమ్ము స్థానికుల పాత ఫిర్యాదు. దానిపై మాట్లాడే సంస్థ, అదే కర్మాగారం యజమానుల డబ్బు తీసుకోవాలా వద్దా అన్నది ముందే సభ్యులందరితో తేల్చుకోవాలి. తీసుకుంటే షరతులన్నీ కాగితం మీద ఉండాలి. డబ్బు వచ్చాక ఊరి తరఫున నోరు విప్పలేకపోతే, అప్పటిదాకా సంపాదించుకున్న నమ్మకమే పోతుంది.