బదిలీ మీదొచ్చిన ‘డజ్’

ఏడో తరగతి చదివే మా మనుమరాలు నిన్న పొద్దుగూకినంక ఇంగ్లీష్ నోట్సు తెచ్చి ముందర పెట్టింది. “తాతా, హెల్పింగ్ వర్బ్ కింద ఒక గీత, మెయిన్ వర్బ్ కింద రెండు గీతలు గీయాలె. ఏది ఏందో తెలుస్తలేదు.”

“బొగ్గు బాయిల టబ్బులను పైకి గుంజేదేంది బిడ్డా?”

“హాలేజ్ ఇంజన్.”

“బొగ్గు దేంట్ల ఉంటది?”

“టబ్బుల.”

గోదావరిఖని పిల్లకు అంతకన్నా విడమర్చి చెప్పాల్నా! వాక్యంలో బొగ్గు మోసేది మెయిన్ వర్బ్, నడిపించేది హెల్పింగ్ వర్బ్. ‘హి ఈజ్ గోయింగ్’ అంటే, చేసే పని ‘గోయింగ్’లో ఉంది, కాలం ‘ఈజ్’ చేతిలో ఉంది. ‘ఈజ్’ తీసి ‘వాజ్’ పెడితే సంగతి నిన్నటిదైపోతుంది. ‘గోయింగ్’ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

పట్టుకునే ఉపాయం ఒకటుంది. వాక్యాన్ని ప్రశ్నగా తిప్పాలి. ‘ఈజ్ హి గోయింగ్?’ ముందుకు దుమికినదే హెల్పింగ్ వర్బ్. కాదని చెప్పాలన్నా ‘నాట్’ వచ్చి దాని వెనకే నిలబడుతుంది. ‘ది టబ్స్ హావ్ బీన్ లోడెడ్’లో ‘హావ్’, ‘బీన్’ రెండూ సాయానికి వచ్చినవే. కానీ ప్రశ్నలో ముందుకు దుమికేది మొదటిదొక్కటే. బరువంతా చివరి ‘లోడెడ్’ మీద.

“మరి ‘హి వర్క్స్ ఇన్ ది మైన్’ల సాయానికి ఎవ్వరు లేరు గద?” అంటూనే ‘డజ్ హి వర్క్స్’ అని రాసేసింది.

రబ్బరుతో ‘వర్క్స్’ చివరి ‘ఎస్’ తుడిపించిన. అది మాయం కాలేదు, ‘డజ్’ చివర చేరింది. డ్యూటీకి మనిషి లేనినాడు బదిలీ వర్కర్ దిగుతడు గదా, ‘డూ’ గూడ అంతే. దిగినంక మస్టర్ తన పేరనే పడాలె! నాలుగొందల ఏండ్ల కింద, షేక్‌స్పియర్ కాలంలో, ఈ బదిలీ మనిషి లేకుండా గూడ ఇంగ్లీషోళ్లు ప్రశ్నలు అడిగేటోళ్లు. తర్వాత తర్వాత ‘డూ’ పర్మనెంటయింది.

పేరు చూసి మోసపోవద్దు, ఆ పూట డ్యూటీ ఏందో చూడాలి. ‘హి హాజ్ ఎ క్యాప్ ల్యాంప్’లో ‘హాజ్’ ఒక్కటే క్రియ, బరువు అదే మోస్తోంది. ‘హి హాజ్ గాన్’లో అదే ‘హాజ్’ సాయానికి నిలబడింది.

“మన తెలుగుల ఇట్లాంటివి లేవా తాతా?”

లేకేం! ‘వస్తున్నాడు’ను విప్పితే ‘వస్తూ’, ‘ఉన్నాడు’. ‘రాలిపోయింది’లో ‘పోయింది’ ఎటూ పోలేదు, రాలడం పూర్తయిందని చెబుతోంది. ఇంగ్లీష్ బండికి ఇంజన్ ముందు, మన బండికి వెనక. అంతే తేడా.

గీతలన్నీ గీసి పుస్తకం మూసింది. “హోంవర్క్ అయిపోయింది తాతా.” లేవబోయి మళ్లీ ఆగింది. “‘అయి’ టబ్బు, ‘పోయింది’ ఇంజన్... గంతేనా?”