గృహ రూపకర్త నిత్య విద్యార్థి

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. సామాన్య కుటుంబం జీవితకాలంలో కూడబెట్టిన సొమ్ములో పెద్ద భాగం ఇంటికే వ్యయమవుతున్నది. అట్టి ఇంటికి రూపం కల్పించేవాడు తెలియక గీసిన ఒక్క గీత ఆ కుటుంబాన్ని తరతరాలు బాధింపగలదు. గృహ రూపకల్పన ఎట్టి వృత్తి, అందులో ప్రవేశించినవారు నిరంతరం నేర్వవలసినది ఏమి అన్న విషయాలను మన విద్యార్థులకు తెలియజేయుటకు ఈ వ్యాసంలో ప్రయత్నిస్తున్నాము.

మొదట మన ప్రాంతపు ఇంటిని పరిశీలిద్దాము. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల పాత మిద్దెలకు మట్టితో పేర్చిన మందమైన రాతిగోడలు ఉంటాయి. గోడలపై కొయ్య దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు, ఆపైన బండలో కట్టెలో పరచి, మట్టి వేసి, అన్నిటికి పైన చౌడు పరచేవారు. వానలకు ముందు తిరిగి చౌడు వేసుకొనుట ఆనవాయితీ. వెలుతురు వచ్చుటకు, పొగ పోవుటకు మిద్దెలో గవాక్షిని విడిచేవారు. ఇదే ప్రయోజనంతో గోడ పైభాగాన ఉంచే చిన్న కిటికీని ఉర్దూలో రోషన్‌దాన్ అంటారు. పేరులోనే వెలుగు ఉన్నది.

మందమైన మట్టి పగటి వేడిని వెంటనే లోనికి పోనీయదు. అందువలన మే నెల మధ్యాహ్నం కూడ ఆ ఇంట కూర్చొనవచ్చును. అయితే కొయ్యకు చెదలు, వానకు కారుడు, ఏటేటా మరమ్మతు అనే బాధలు కూడ ఆ మిద్దెకు ఉన్నాయి. కనుకనే కాంక్రీటు శ్లాబును జనులు ఆదరించారు. అందులో తప్పు లేదు. అయితే నాలుగైదు అంగుళాల శ్లాబు మట్టిమిద్దె వలె వేడిని ఆపజాలదన్న సంగతిని మాత్రం పలువురు మరచిపోయారు.

ఈ విషయాన్ని నేడు లెక్కకట్టి చూపవచ్చును. కేంద్ర ప్రభుత్వ విద్యుత్ పొదుపు సంస్థ 2018 డిసెంబరులో నివాస గృహాల కొరకు ‘ఎకో నివాస్ సంహిత’ అనే నియమావళిని వెలువరించినది. పైకప్పు లోపలికి, వెలుపలికి ఒక డిగ్రీ తేడా ఉన్నపుడు చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి వేడి లోనికి రాకూడదని అందులోని ఒక నియమం. ఏ రక్షణ లేని మామూలు శ్లాబు గుండా సుమారు 3 వాట్లు, అంతకు మించి కూడ వస్తుంది. 50 చదరపు మీటర్ల కప్పు, 15 డిగ్రీల తేడా అనుకొందాము. నియమం ప్రకారం కట్టిన ఇంటిలోనికి 900 వాట్లు, మామూలు ఇంటిలోనికి 2250 వాట్లు ప్రవేశిస్తాయి. అనగా రెండు ఇస్త్రీపెట్టెలను ఎడతెగక వేడిచేసి ఇంటిలో ఉంచిన దానితో ఇది సమానం. వాతావరణాన్ని బట్టి, తెరుచుకొనే కిటికీలు, తలుపుల వైశాల్యం నేల వైశాల్యంలో 8.33 నుండి 16.66 శాతం వరకైనా ఉండవలెనని కూడ ఆ నియమావళి చెప్పుతున్నది. 600 చదరపు అడుగుల ఇంటికి ఇది 50 నుండి 100 చదరపు అడుగులు.

ఇచట ఒక చిక్కు కలదు. ఈ నియమావళి 500 చదరపు మీటర్లు, అనగా దాదాపు 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాలలోని కట్టడాలకే ఉద్దేశింపబడినది. 2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం కూడ నివాసాల విషయంలో 600 గజాలు, అంతకు మించిన స్థలాలకే నిర్బంధం. మన వీధులలో రెండు మూడు సెంట్లలో ఇల్లు కట్టుకొనే పేదవానికి వీని రక్షణ లేదు. అతనికి ఆ మేలు చేకూర్చగలిగినది ఇంటి నమూనా గీసేవాని జ్ఞానం మాత్రమే.

ఆ జ్ఞానం ఖరీదైనది కాదు. శ్లాబుపై తెల్లని పూత వేస్తే ఎండ చాలవరకు వెనుకకు మరలుతుంది. ఇటుకముక్కలు, సున్నం కలిపి దట్టించిన పొర వేడిని కొంత ఆపుతుంది. పడమటి వైపు మెట్లనో స్నానపు గదినో ఉంచితే పడకగదికి సాయంత్రపు ఎండ తగలదు. నల్లని కడప బండ ఇంటిలోపల నేలకు చల్లదనమిస్తుంది. దానినే ఆరుబయట డాబాపై పరిస్తే ఎండవేడిని పీల్చుకొంటుంది.

ఇక వృత్తి విషయం. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం నిర్ణీత విద్యార్హత కలిగి, ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌లో పేరు నమోదైనవారే ‘ఆర్కిటెక్టు’ అని చెప్పుకొనవలెను. అందుకు అయిదేండ్ల పట్టభద్ర విద్య అవసరం. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ఆ చట్టం బిరుదును మాత్రమే పరిరక్షిస్తున్నదని, ఇతరులు ఆ పని చేయుటను నిషేధించలేదని స్పష్టపరచినది. అనగా ఇంజనీరు, డిప్లొమా పొందినవాడు, మేస్త్రీ కూడ ఇంటి రూపకల్పనలో పాలుపంచుకొంటూనే ఉంటారు. కావున నేర్చుకొనే బాధ్యత అందరిదీ. జాతీయ భవన నియమావళి 1970లో వెలువడి, 1983, 2005, 2016 సంవత్సరాలలో సవరింపబడినది. పట్టా పొందిన నాటి చదువుతోనే ఆగిపోయినవాడు పాత ఇంటినే మరల మరల గీస్తుంటాడు.

నేర్చుకొనుటకు పుస్తకమొక్కటే చాలదు. ఈజిప్టు దేశపు ప్రఖ్యాత ఆర్కిటెక్టు హసన్ ఫతీ (1900–1989), కొయ్య ఆధారం లేకుండ మట్టి ఇటుకలతో కమానుకప్పు కట్టే విద్యను నూబియా ప్రాంతపు మేస్త్రీల వద్ద గ్రహించి, 1940ల చివర లక్సర్ సమీపాన కొత్త గుర్నా గ్రామాన్ని నిర్మింపజేశాడు. చదువుకొన్నవాడు పనివాని వద్ద కూర్చొని నేర్చుకొనుట చిన్నతనం కాదని ఆయన జీవితం చాటుతున్నది. మన మిద్దెలను కట్టిన వృద్ధ మేస్త్రీలు క్రమంగా కనుమరుగవుతున్నారు. వారి విద్యను కొలిచి, గీసి, వ్రాసి భద్రపరచవలసిన వేళ ఇదే.

పులివెందులలో 2006 నుండి ఇంజనీరింగు కళాశాల ఉన్నది. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం ఏర్పడినది. ఈ చదువు కొరకు దూరదేశాలకు పోనవసరం లేదు. కావున మన విద్యార్థులు ఈ వృత్తిని గూర్చి ఆలోచింపవలెనని కోరుతున్నాము. పైన పేర్కొన్న నియమావళులను గ్రంథాలయంలో ఉంచి, ఏటా ఒక అనుభవజ్ఞుడైన మేస్త్రీని, ఒక ఆర్కిటెక్టును పిలిపించి తెలుగులోను, ఉర్దూలోను ప్రసంగాలు ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ వారిని సవినయంగా అర్థిస్తున్నాము. ఆ ప్రసంగం విన్న ఒక్క విద్యార్థి రేపు ఒక పేదవానికి చల్లని ఇంటిని గీసి ఇచ్చినా, ఈ శ్రమ సార్థకమవుతుంది.