పంటి క్లిప్పుల బాకీ: డాక్టరుకు ముఖం చాటేయకండి

పద్నాలుగేళ్ళ అమ్మాయి. చిగుళ్ళ నుంచి రక్తం కారుతోందని తల్లి మా ఆసుపత్రి ఓ.పి.కి తీసుకువచ్చింది. నోరు తెరవమన్నాను. పై వరసకీ, కింది వరసకీ క్లిప్పులు వున్నాయి. రెండు బ్రాకెట్లు ఊడిపోయి తీగ మీద వేలాడుతున్నాయి. ఒకవైపు తీగ చివర బుగ్గ లోపల గుచ్చుకుని పుండు పడింది. చిగుళ్ళు ఉబ్బి బ్రాకెట్ల మీదికి పాకాయి.

"ఈ క్లిప్పులు వేసిన డాక్టరు గారి దగ్గరికి ఎప్పుడు వెళ్ళారమ్మా?" అని అడిగాను.

తల్లి కూతురి వంక చూసింది. కూతురు నేల వంక చూసింది.

"ఏడు నెలలైందండీ. వాళ్ళకి డబ్బు బాకీ వున్నాం. ఉత్త చేతులతో ఏ ముఖం పెట్టుకుని వెళ్ళమంటారు?" అన్నది తల్లి.

భర్త రైసు మిల్లులో పని చేస్తాడట. చెయ్యి విరిగి నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. మొదటి నెల వాయిదా ఆగింది. రెండో నెల రెండు వాయిదాలు కట్టాలి కదా అని వెళ్ళలేదు. మూడో నెలకి క్లినిక్ నుంచి ఫోను వస్తే ఎత్తటం మానేశారు. పిల్ల మాత్రం ఏడు నెలలుగా ఆ తీగల్ని నోట్లో మోస్తూ స్కూలుకి వెళ్ళివస్తోంది.

నేను దంతవైద్యుణ్ణి కాను. కాని ముప్ఫై ఏళ్ళుగా సర్కారు ఆసుపత్రుల్లో రోగుల్ని చూస్తున్నవాణ్ణి. అప్పు కన్నా సిగ్గు ఎక్కువ చెరుపు చేయటం ఎన్నోసార్లు చూశాను. అందుకే ఈ వారం మందుల సంగతి పక్కన పెట్టి బాకీల సంగతి రాస్తున్నాను.

ఆగిపోయిన క్లిప్పు ఊరుకోదు

క్లిప్పు నగ లాంటిది కాదు, పెట్టెలో దాచినట్లు నోట్లో వదిలేయటానికి. తీగ ఒత్తిడి వల్ల పంటి వేరు ఒకవైపు ఎముకను నెడుతుంది. ఆ వైపు ఎముక కరుగుతుంది, రెండోవైపు కొత్త ఎముక పెరుగుతుంది. పన్ను జరగటం అంటే ఇదే. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి డాక్టరు చూసి ఆ ఒత్తిడిని సరిదిద్దుతూ వుండాలి. చూసేవాళ్ళు లేకపోతే పన్ను అక్కరలేని దిక్కుకి కూడా పోవచ్చు. ఎత్తు పళ్ళ కోసం ముందే నాలుగు పళ్ళు తీయించి వుంటే ఆ ఖాళీలు సగం మూసుకుని, సగం తెరుచుకుని మిగిలిపోతాయి. బ్రాకెట్ల చుట్టూ ఆహారం ఇరుక్కుని పంటి మీద సుద్దలాంటి తెల్లని మచ్చలు పడతాయి. పిప్పికి అవి తొలి మెట్టు. తరవాత క్లిప్పు తీసేసినా ఆ మచ్చలు పూర్తిగా పోతాయన్న భరోసా లేదు.

కొందరు ఇంట్లోనే కటింగు ప్లేయరుతో క్లిప్పు పీకే ప్రయత్నం చేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పంటి పింగాణీ పెచ్చులూడుతుంది. తీగ గుచ్చుకుంటుంటే మందుల షాపులో దొరికే దంతాల మైనం చిన్న ఉండ చేసి ఆ కొస మీద అద్ది, మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బాకీ వున్న డాక్టరు దగ్గరికే.

లెక్క కాగితం మీద పెట్టండి

ఆ తల్లిని కూర్చోబెట్టి చీటీ వెనక లెక్క వేయించాను. మొత్తం మాట్లాడుకున్నది 45,000 రూపాయలు. మొదట 12,000 కట్టారు. తక్కినది నెలకి 1,500 చొప్పున 22 నెలలు. తొమ్మిది నెలలు సక్రమంగా కట్టారు. అంటే ఇప్పటికి 25,500 చెల్లింది. ఏడు నెలల బాకీ 10,500. రాబోయే ఆరు నెలలది 9,000.

"ఇరవై వేలు బాకీ" అని ఆవిడ గుండెల్లో రాయి పడినట్లు తిరుగుతోంది. నిజానికి గడువు దాటింది 10,500 మాత్రమే. తక్కిన 9,000కి ఇంకా వేళే రాలేదు. ఈ తేడా తెలిసేసరికి ఆవిడ ముఖంలో కాస్త తెరిపి కనిపించింది.

ఇంకో సంగతి. ఏడు నెలలు వైద్యం ఆగింది కాబట్టి వైద్యం కూడా ఇంచుమించు అన్ని నెలలు వెనక్కి జరుగుతుంది. మిగిలింది ఆరు నెలలు కాదు, పదమూడు పద్నాలుగు నెలలు. అటువంటప్పుడు మొత్తం మిగిలిన 19,500 రూపాయల్ని ఆ పద్నాలుగు నెలలకీ సర్దమని అడగటంలో తప్పేముంది? ఇప్పుడు 2,000 చేతిలో పెట్టి, తరవాత నెలకి 1,250 చొప్పున పద్నాలుగు నెలలు కడితే సరిగ్గా సరిపోతుంది. పాత వాయిదా కన్నా నెలకి 250 తక్కువే!

"ఇలా అడగొచ్చా అండీ?" అన్నది ఆవిడ.

నిక్షేపంగా అడగొచ్చు. డాక్టరు వైపు నుంచి కూడా ఆలోచించండి. బ్రాకెట్లు, తీగలు, ఎక్స్‌రేలు, అచ్చులు – ఖర్చులో పెద్ద భాగం ఆయనకి మొదట్లోనే అయిపోతుంది. అందుకే ముందు పెద్ద మొత్తం అడుగుతారు. అది అన్యాయం కాదు. కాని సగంలో వదిలిన నోరు ఏ దంతవైద్యుడికీ మంచి పేరు తీసుకురాదు. రాని పది వేల కన్నా నెలనెలా వచ్చే పన్నెండు వందల యాభై ఆయనకి మేలు. ఇవ్వగలిగింది చెప్పి, అన్నట్లుగా ఇచ్చేవాళ్ళని వద్దనే డాక్టర్లు తక్కువ.

వెళ్ళేటప్పుడు సాయంత్రం రద్దీలో వెళ్ళి కౌంటరు దగ్గర అమ్మాయితో బేరమాడకండి. ఆ అమ్మాయికి తగ్గించే అధికారం వుండదు, పదిమందిలో మీ పరువూ పోతుంది. ముందుగా ఫోను చేసి, డాక్టరు గారితో అయిదు నిమిషాలు విడిగా మాట్లాడాలని చెప్పండి. రసీదులు, ఫోనులో కట్టిన డబ్బు వివరాలు, పిల్లని – మూడింటినీ తీసుకువెళ్ళండి. వట్టి చేతులతో కాక ఎంతో కొంత పట్టుకువెళ్ళండి. కథంతా చెప్పక్కరలేదు. "మా ఆయనకి చెయ్యి విరిగి ఆదాయం ఆగిందండీ. బాకీ ఎగ్గొట్టే ఉద్దేశం లేదు. నెలకి ఇంత కట్టగలం. ఇవాళ ఇంత తెచ్చాం" – ఇంతే. నెలకి 1,500 కట్టగలిగితే 1,250 అని చెప్పండి. ఆ క్షణానికి బయటపడదామని రెండు వేలు అనేసి వస్తే మళ్ళీ రెండో నెలకే మొదటికొస్తుంది.

ఒప్పుకున్నది ఆయన చేత కేసు షీటు మీదో, మీ పుస్తకంలోనో రాయించుకోండి. రాయటానికి మొహమాటపడితే ఇంటికొచ్చి, "ఇవాళ మనం అనుకున్నది ఇదీ" అని వాట్సాప్‌లో ఒక మెసేజి పంపండి. ఊడిన బ్రాకెట్లు మళ్ళీ అతికించటానికి విడిగా ఎంత అవుతుందో కూడా అప్పుడే అడగండి. తగాదాలు ఎక్కువగా అక్కడే వస్తాయి.

నా ఇంటి కథ

ఇంత చెబుతున్న నేను నా సొంత వ్యవహారంలో ఏం చేశానో కూడా చెప్పాలి. మా అబ్బాయికి క్లిప్పులు వేయించినప్పుడు, మొత్తం ఒకేసారి కడితే కొంత తగ్గిస్తామన్నారు. కట్టేశాను. పది నెలలకి నాకు బదిలీ అయింది. ఇంకా ఏడాది వైద్యం మిగిలింది. కొత్త ఊళ్ళో డాక్టరు మళ్ళీ డబ్బు అడిగాడు, న్యాయమే. పాత చోటికి వెళ్ళి, చెయ్యని పని తాలూకు సొమ్ము ఇమ్మంటే, "తిరిగి ఇవ్వటం మా పద్ధతి కాదండీ" అన్నారు. దేనికెంతో విడదీసి రాసిన కాగితం నా దగ్గర లేదు. వున్నదల్లా మొత్తం అంకె వేసిన ఒక్క రసీదు. మూడుసార్లు తిరిగితే ఆరు వేలు చేతిలో పెట్టారు, ఎక్స్‌రేలు ఇచ్చారు. "ఊరందరికీ సలహాలు చెబుతారు, వివరం రాసివ్వమని మాత్రం అడగరు" అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

కాబట్టి ఇంకా క్లిప్పులు వేయించనివాళ్ళు ముందే అడగండి: బదిలీ అయినా, మధ్యలో మానుకున్నా లెక్క ఎలా తేలుస్తారు? చివర్లో పెట్టే రిటైనర్ ధర ఇందులో కలిసిందా, విడిగానా? డబ్బు తీసుకుని బిల్లో రసీదో ఇవ్వకపోవటం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. అడగటానికి సందేహించకండి.

చెక్కులు, అప్పు కంపెనీలు

డాక్టరుతో నేరుగా వాయిదాలు మాట్లాడుకోవటం ఒకటి. క్లినిక్ కౌంటరు దగ్గరే ఫోనులో నాలుగు నొక్కులు నొక్కించి "వడ్డీ లేని ఈ.ఎం.ఐ." అని చెప్పేది ఇంకొకటి. ఈ రెండో దాంట్లో అప్పు ఇచ్చేది ఫైనాన్సు కంపెనీ. డాక్టరుకి సొమ్ము ముందే ముట్టిపోతుంది. తరవాత మీరు బాకీ పడేది కంపెనీకి. మధ్యలో వైద్యం ఆగినా కిస్తీ ఆగదు. కట్టకపోతే మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. రేపు ఇంటి అప్పుకి వెళ్ళినప్పుడు ఈ పంటి అప్పు బయటపడుతుంది. ఇక్కడ బేరం డాక్టరుతో కాదు, కంపెనీతోనే. గడువు పొడిగించమని రాతపూర్వకంగా అడగాలి. వసూలు చేసేవాళ్ళు ఉదయం 8 గంటలకి ముందు, రాత్రి 7 తరవాత ఫోను చెయ్యకూడదని 2022లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బూతులు తిట్టినా, బంధువులకి ఫోన్లు చేసినా ముందు కంపెనీకి, వినకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయవచ్చు.

హామీగా ముందు తేదీలు వేసిన చెక్కులు అడిగితే బాగా ఆలోచించుకోండి. వట్టి బాకీ సివిలు వ్యవహారం. దానికి పోలీసులు రారు, జైలూ లేదు. చెక్కు తిరిగి వస్తే మాత్రం సంగతి మారిపోతుంది. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద క్రిమినల్ కేసు పెట్టవచ్చు. రెండేళ్ళ దాకా శిక్ష, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ వుండవచ్చు. ఇదివరకే ఇచ్చి వుంటే, బ్యాంకులో వేసే తేదీకి ముందే డాక్టరుని కలిసి ఆపమని చెప్పండి.

అసలు కట్టలేని స్థితి అయితే

అప్పుడు కూడా దాక్కోకండి. చేపట్టిన రోగిని ముందుగా చెప్పకుండా వదిలెయ్యటం వృత్తి నీతికి విరుద్ధం. అలాగని రెండేళ్ళు ఉచితంగా చెయ్యమని ఆయన్ని నిర్బంధించలేం. అడగదగినవి రెండు. ఒకటి, వైద్యం ఇంతటితో ఆపి క్లిప్పులు జాగ్రత్తగా తీసి, పళ్ళు వెనక్కి జరక్కుండా రిటైనర్ ఇమ్మనటం. రెండు, ఇంకోచోటికి వెళ్ళటానికి వీలుగా మొదటి ఎక్స్‌రేలు, ఫోటోలు, అచ్చులు, ఇంతవరకు చేసినదాని వివరం ఇమ్మనటం. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడ, కడపల్లోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. ఓపిక మాత్రం కావాలి. ప్రైవేటు దంత కళాశాలల్లోనూ పి.జి. విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో తక్కువకే చేస్తారు. వాళ్ళ కోర్సు మూడేళ్ళే కాబట్టి, చేస్తున్న విద్యార్థి వెళ్ళిపోతే కేసు ఎవరికి అప్పగిస్తారో కనుక్కోండి.

డబ్బు తీసుకుని పని చెయ్యకపోతే, లెక్క తేల్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ వుంది. రుసుము తీసుకునే వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. వివాదం మొదలైన రెండేళ్ళలోపు ఫిర్యాదు చెయ్యాలి. మీరు కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపయితే ఫిర్యాదుకి ఫీజు లేదు. ముందు 1915 నంబరుకి ఫోను చేసినా దారి చెబుతారు.

ఆ తల్లి మూడో రోజునే క్లినిక్‌కి వెళ్ళింది. డాక్టరు గారు కేకలేశారట, బాకీ గురించి కాదు, చిగుళ్ళ గురించి. 2,000 తీసుకుని, పద్నాలుగు నెలల వాయిదాకి ఒప్పుకున్నారు. బ్రాకెట్లు అతికించటానికి మాత్రం విడిగా 400 తీసుకున్నారు. గార తీసి, చిగుళ్ళు మానేదాకా తీగ బిగించనన్నారట. పోయిన నెల ఆ అమ్మాయి జలుబు మందుకని వచ్చింది. నోరు తెరవమనకుండానే తెరిచి చూపించింది.