యాడ్స్ ఆపితే యాప్ కూడా ఆగిందా? ఇలా చేయండి
నమాజ్ వేళలు చూసే యాప్‌లోనూ యాడ్స్ అడ్డొస్తున్నాయని కొందరు ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టుకుంటారు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఈ సౌకర్యం ఉంది. యాప్ ఏ సర్వర్‌తో మాట్లాడాలన్నా ముందు డీఎన్ఎస్‌నే అడ్రస్ అడుగుతుంది. యాడ్స్ సర్వర్ అడ్రస్ ఇవ్వకపోతే యాడ్ రాదు. చిక్కేమిటంటే, యాప్‌కు కావాల్సిన సర్వర్ కూడా ఆ బ్లాక్ జాబితాలో పడితే లాగిన్ కాదు, పేమెంట్ మధ్యలో నిలిచిపోతుంది.

అప్పుడు యాప్ తీసేయొద్దు. సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్‌ను ‘ఆటోమేటిక్’కు మార్చి, యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. పనిచేస్తే అడ్డం పడింది ఆ డీఎన్ఎస్సే. పేమెంట్ మళ్లీ చేసేముందు ఖాతాలో డబ్బు కట్ అయిందో లేదో చూసుకోండి.

యూట్యూబ్ యాడ్స్ ఇలా ఆగవు. వీడియో, యాడ్ ఒకే చోటి నుంచి వస్తాయి.

ఎవరో వాట్సాప్‌లో పంపిన డీఎన్ఎస్ పేరు మాత్రం పెట్టుకోవద్దు. మీరు ఏ సైట్లు తెరుస్తున్నారో దాన్ని నడిపేవాళ్లకు తెలిసిపోతుంది.