తపసి చెట్టు మళ్లీ కొండ చేరేనా?

విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ దుకాణానికి వెళ్లి తేనె సీసా, అరకు కాఫీ పొట్లం కొని తెచ్చుకునేవారు చాలామందే ఉన్నారు. 1956లో ఏర్పడి ఈ నగరమే కేంద్రంగా నడుస్తున్న ఆ సంస్థ గిరిజనుల నుంచి కొనే సరుకుల్లో తపసి బంక కూడా ఉన్నదని తెలిసినవారు తక్కువ. మన వంటింట్లో దానికి చోటు లేదు మరి. అయితే పెట్టుడు పళ్లను చిగుళ్లకు పట్టి ఉంచే పొడిలోనూ, విరేచనం సాఫీగా కావడానికి వాడే మందుల్లోనూ ఉండేది ఆ బంకే. చాలాకాలంగా విదేశాలకు ఎగుమతి అవుతున్నది. కొండగోగు బంక వేరు, ఇది వేరు.

ఈ బంకనిచ్చే చెట్టు తూర్పు కనుమల్లో రాతి గుట్టలను పట్టుకుని పెరుగుతుంది. వేసవిలో ఆకు రాల్చి, తెల్లని నున్నటి బెరడుతో నిలబడితే వెన్నెల రాత్రి చూసినవారు జడుసుకుంటారు. ఇంగ్లీషువారు దీన్ని దయ్యపు చెట్టు అన్నది అందుకే. సామర్లకోటలో మొక్కలను పరిశీలించిన రాక్స్‌బరో దొర 1795లో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో బొమ్మతో సహా దీన్ని లోకానికి పరిచయం చేశాడు. అంతటి పాతకాపు నేడు చాలా కొండలమీద పలచబడిపోయింది.

కారణం గొడ్డలి. బంక కోసం కాండం మీద లోతుగా, వెడల్పుగా గాట్లు పెట్టేవారు. గాయం మానకుండానే పక్కన మరొకటి. చెక్కదాకా దెబ్బ తిన్న చెట్టుకు పురుగు పట్టి, కుళ్లి, కొన్నేళ్లలో కూలిపోయేది. తప్పంతా గిరిజనుడిదే అనడం న్యాయం కాదు. షావుకారు అప్పు తీర్చవలసినవాడు చెట్టు కోలుకునేదాకా ఎట్లా ఆగుతాడు? పైగా తాను ఆగితే మరొకడు వచ్చి గాటు పెడతాడు. ఇది చాలదన్నట్టు గింజలను వేయించుకు తినే అలవాటు ఉండడంతో నేల రాలి మొలిచేవి కూడా తగ్గాయి.

1990 దశకంలో విశాఖలో మొదలైన కోవెల్ ఫౌండేషన్ ఈ బంక తీసేవారితోనే పని ప్రారంభించింది. మూడడుగుల చుట్టుకొలత లేని చెట్టును ముట్టవద్దు, గొడ్డలి మాని పదునైన చిన్న కత్తితో బెరడు మాత్రమే పలుచగా చెక్కాలి, ఆపై చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలి అని నేర్పింది. బెరడు ముక్కలు కలవని శుభ్రమైన బంకకు మంచి ధర పలుకుతుంది గనుక మాట చెవికెక్కింది. ఆ తర్వాత గింజలు సేకరించి, నర్సరీల్లో నారు పోసి, మొక్కలను తిరిగి కొండకు చేర్చే పని కూడా చేపట్టారు.

నగరవాసులకు మొక్కలు నాటడం కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి చెట్లను పెకలించాక ఊరంతా నాటింది. కానీ వీధిలో నీడకోసం నాటే మొక్కకు కంచె ఉంటుంది, నీళ్ల ట్యాంకరు వస్తుంది. కొండమీది తపసి మొక్కకు ఏదీ లేదు. తొలకరిలో నాటితే వర్షాకాలం బాగానే గడుస్తుంది. మేకల మంద, వేసవిలో పోడు మంట దాని ప్రాణం తీస్తాయి. బతికినా గాటు పెట్టే లావు రావడానికి ఏళ్లు పడుతుంది. నాటినవాడి పిల్లలు పెళ్లీడుకొచ్చేస్తారు.

అన్నాళ్లు కాపు కాయాలంటే చెట్టు తనదన్న ధీమా ఉండాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవి చిన్న ఉత్పత్తులపై గిరిజనులకు హక్కు ఇచ్చింది. ఆ కాగితం చేతికందిన గూడెంలో మొక్క చుట్టూ ఎండుగడ్డి చెక్కి మంట రాకుండా చూసుకోవడానికి ఒక కారణం ఉంటుంది. అందని చోట నాటిన మొక్క ఎవరిది?

2022 ఏప్రిల్‌లో ఏజెన్సీ మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. అయినా బంక కొనే సంస్థ కార్యాలయం విశాఖలోనే ఉంది. వేసవిలో తపసి కాయలు నక్షత్రంలా అయిదు రెక్కలుగా పండుతాయి. వాటిపై నూగు ఒంటికి తగిలితే మండుతుంది. చేతికి గుడ్డ చుట్టుకుని కోయాల్సిందే. వచ్చే తొలకరికి నారు కావాలంటే గింజలు అప్పుడే ఏరిపెట్టుకోవాలి.