ముట్లుడుగు వయస్సు: హార్మోను చెట్టున కాయునా?

హైదరాబాదు నుండి శంషాబాదునకు పోవు పాత బాటలో ఆరాంఘర్ దాటకముందే ప్రక్కకు తిరిగినచో రాజేంద్రనగర్ వచ్చును. అచ్చట చిరుధాన్యములపై పరిశోధన జరుపు జాతీయ సంస్థ, నూనెగింజల పరిశోధన సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయము కలవు. అదే బాటను ముందుకు సాగినచో 2008లో ప్రారంభమైన విమానాశ్రయము చేరుదుము. ఈ బాటన నిత్యము ఎందఱో స్త్రీలు పోవుచుందురు. వారిలో విమానమెక్కువారు, విమానాశ్రయములో నేల తుడుచువారు, కూరగాయల గంపతో సంతకు పోవువారు ఉన్నారు. వారి బ్రతుకులు వేరైనను నలుబది యైదేండ్లు దాటిన పిమ్మట వారందఱికిని ఒక మార్పు వచ్చును. అదియే ముట్లుడుగుట.

ఈ వయస్సున కొందఱికి ఒక్కసారిగా ఒంట ఆవిరి పుట్టి, మొగము ఎఱ్ఱబడి, చెమటలు పోయును. రాత్రి నిద్ర పట్టదు. మనస్సు చికాకుగా నుండును. దీనికి మందని చెప్పి అంగళ్ళలోను, ఫోనులలోను "సహజ హార్మోను" అను పేర పొడులను, మాత్రలను, లేపనములను అమ్ముచున్నారు. ఈ "సహజ" అను మాటకు శాస్త్ర దృష్టిలో అర్థమేమో విచారింతము.

నాళములు లేని గ్రంథులు

మన శరీరములో నాళములు లేని గ్రంథులు కొన్ని కలవు. అవి తమ రసములను నేరుగ రక్తములోనికి విడుచును. ఆ రసములే హార్మోనులు. స్త్రీల అండాశయములు ఈస్ట్రడయోల్, ప్రొజెస్టెరోన్ అను రెండు ముఖ్యమైన హార్మోనులను తయారుచేయును. హార్మోను తాళపు చెవి వంటిది. దాని ఆకారమునకు సరిపడిన తాళము ఏ కణముపై నుండునో ఆ కణముపైననే అది పనిచేయును. అట్టి తాళములు గర్భాశయములోనే గాక ఎముకలలోను, రక్తనాళములలోను, మెదడులోను ఉన్నవి.

అండాశయములలోని అండములు తరిగిపోయిన కొలది ఈ హార్మోనులు తగ్గిపోవును. వరుసగా పండ్రెండు నెలలు ముట్టు రానిచో ముట్లుడిగినట్లు లెక్క. పాశ్చాత్య దేశములలో ఇది సగటున 51వ ఏట వచ్చును. మన దేశములో 46, 47 ఏండ్లకే వచ్చును. ఈస్ట్రడయోల్ తగ్గుటచే మెదడులో ఒంటి వేడిని సరిచూచు భాగము తప్పు లెక్క వేయును, అందువలననే ఆవిరులు. ఎముకను కరగించు కణములు ఎముకను కట్టు కణములను మించిపోవును; అందువలననే ఎముకలు గుల్లబారుట.

గుఱ్ఱము, గడ్డ

తగ్గిన హార్మోనును బయటినుండి ఇచ్చుట క్రొత్త ఆలోచన కాదు. 1942లో అమెరికాలో ప్రెమరిన్ అను మందు అమ్మకమునకు వచ్చినది. దానిని చూడి గుఱ్ఱముల మూత్రము నుండి తీయుదురు. పుట్టుకను బట్టి చూచినచో ఇది ముమ్మాటికిని సహజమే. కాని అందులోని హార్మోనులలో కొన్ని స్త్రీ శరీరములో నుండునవి కావు.

అదే దశాబ్దములో రస్సెల్ మార్కర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు మెక్సికో అడవులలోని ఒక గడ్డనుండి డయోస్జెనిన్ అను పదార్థమును తీసి, దానిని ప్రొజెస్టెరోన్‌గా మార్చెను. ఆ గడ్డ డయాస్కోరియా జాతిది. మన నల్లమలలో చెంచులు త్రవ్వి తిను గడ్డలలోను ఈ జాతివి కలవు. నేడు మొక్కల పదార్థముల నుండి కర్మాగారములో తయారగు ఈస్ట్రడయోల్, ప్రొజెస్టెరోన్ అణువులకును, శరీరములో పుట్టిన అణువులకును భేదమే లేదు. కనుక గుఱ్ఱము నుండి నేరుగ వచ్చినది మనకు పరాయిది, కర్మాగారములో మారినది మన సొంతము అయినది! మందు ఎక్కడ పుట్టినదను దానికంటె దాని ఆకారమేమి, మోతాదెంత అనునవియే ముఖ్యము.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. గడ్డనుండి హార్మోను వచ్చునని విని, గడ్డ పొడిని తినినను, దాని లేపనమును పూసికొనినను చాలునని కొందఱు తలతురు. కాని డయోస్జెనిన్‌ను ప్రొజెస్టెరోన్‌గా మార్చు శక్తి మన శరీరమునకు లేదు. ఆ మార్పు ప్రయోగశాలలోనే జరుగవలెను. ఇనుప రాతిని జేబులో వేసికొన్నచో తాళము తెఱచుకొనదు గదా!

హార్మోను చికిత్స మేలా, కీడా?

అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జరిగిన ఒక పెద్ద పరీక్షను 2002లో నడుమనే ఆపివేసిరి. గుఱ్ఱపు ఈస్ట్రోజన్‌ను, ప్రొజెస్టెరోన్‌ను పోలిన ఒక కృత్రిమ పదార్థమును కలిపి వాడిన వారిలో, ఏటికి ప్రతి 10,000 మందికి రొమ్ము క్యాన్సరు 8 మందికి అధికముగ వచ్చినది. తుంటి ఎముక విరుగుట 5 మందికి తగ్గినది. ఈ వార్తతో లోకమంతట భయము వ్యాపించినది. తరువాతి పరిశీలనలో మఱి కొన్ని సంగతులు తెలిసినవి. ఆ స్త్రీల సగటు వయస్సు 63. అరువదేండ్లలోపు, ముట్లుడిగిన పదేండ్లలోపు మొదలుపెట్టిన వారికి కీడు తక్కువ, మేలు ఎక్కువ. తీవ్రమైన ఆవిరులకు హార్మోనును మించిన మందు నేటికిని లేదు. కాని రొమ్ము క్యాన్సరు వచ్చినవారు, రక్తము గడ్డకట్టు జబ్బు గలవారు సాధారణముగ దీనిని వాడరాదు. గర్భాశయమున్న వారు ఈస్ట్రోజన్‌ను ఒంటరిగా వాడరాదు. గర్భాశయపు లోపొరను కాపాడుటకు ప్రొజెస్టెరోన్ కూడ కావలెను.

ఇది మన ప్రాంతమునకు మఱింత ముఖ్యమగుటకు కారణమున్నది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీసివేయించుకొన్నవారు దేశములో 3.2 శాతము, తెలంగాణములో 7.7, ఆంధ్రప్రదేశములో 8.9 శాతము. గర్భసంచితోపాటు రెండు అండాశయములను తీసివేసినచో ముప్పదేండ్ల స్త్రీకి సైతము ఒక్క దినములో హార్మోనులు ఆగిపోవును. అట్టివారికి ఇతర అడ్డులు లేనిచో ముట్లుడుగు సహజ వయస్సు వరకు హార్మోను ఇచ్చుట మంచిదని వైద్యుల అభిప్రాయము. వారికి పొడులు చాలవు. శస్త్రచికిత్సలో ఏమి తీసిరో ఆ కాగితమును భద్రపరచి వైద్యునికి చూపవలెను.

సోయా, అవిసె, పిల్లిపీచర

సోయా చిక్కుడులోని ఐసోఫ్లేవోనులు ఈస్ట్రడయోల్‌ను కొంత పోలియుండును. అవి తాళములో దూరును గాని వదులుగా తిరుగును. కొందఱికి ఆవిరులు కొద్దిగా తగ్గును. మోతాదు పెంచినను హార్మోనుకు సాటి రావు. అవిసె గింజలపై అమెరికాలో జరిగిన పరీక్ష 2012లో వెలువడినది. అవిసె కలిపిన తినుబండారము తిన్నవారిలోను, అవిసె లేనిది తిన్నవారిలోను మూడవవంతునకు కొంచెము మించిన మందికి ఆవిరుల బాధ సగము తగ్గినది! మందు వాడుచున్నామను నమ్మకమే ఇంత పనిచేయును. అందుచేతనే ఒకరి అనుభవమును బట్టి మందు గుణమును నిర్ణయింపరాదు. పోల్చి చూచుటకు రెండవ జట్టు కావలెను. పిల్లిపీచర, అనగా శతావరి, మన వైద్యములో ప్రసిద్ధము. దానిపై జరిగిన పరీక్షలు చిన్నవి. ఇంకను పెద్దవి జరుగవలసియున్నది. మూలికలలో కొన్ని కాలేయమునకు హాని చేసిన సందర్భములు కలవు. కనుక ఏది వాడినను వైద్యునికి చెప్పుట మంచిది. ముట్లుడిగిన తరువాత మరల నెత్తురు కనబడినచో ఇంటి మందులతో కాలము గడపక వెంటనే పరీక్ష చేయించుకొనవలెను.

ఎముకల లెక్క

ఆహారము హార్మోను స్థానమును తీసికొనలేదు. కాని ఎముక నష్టమును తగ్గింపగలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 30-60 ఏండ్ల పేద స్త్రీలు 289 మందిని పరీక్షించి 2005లో ఫలితములను ప్రకటించిరి. వారికి దినమునకు లభించు కాల్షియము సుమారు 270 మిల్లీగ్రాములు మాత్రమే. ముట్లుడిగిన స్త్రీకి 1,200 మిల్లీగ్రాములు కావలెనని 2020 నాటి సిఫారసు.

రాజేంద్రనగర్ సంస్థలు పరిశోధించు పంటలు ఇచ్చట అక్కరకు వచ్చును. రాగులను తెలంగాణములో తైదలు, ఉత్తరాంధ్రలో చోళ్ళు అందురు. నూఱు గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియము ఉన్నది. ఇరువది గ్రాముల నువ్వులలో సుమారు 250, నాలుగు వందల మిల్లీలీటర్ల పాలలో సుమారు 480. ఈ మూడును కలిసి 1,094. మిగిలిన నూఱును ఆకుకూరలు, పప్పు తీర్చును. దీనికి తోడు కొంత ఎండ, నడక, బరువు మోయు వ్యాయామము ఉండవలెను.

ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో వేయింపవచ్చును. విద్యార్థులు తమ యింట తల్లి, అమ్మమ్మ, నాయనమ్మ నిన్నటి దినమున తిన్నదానిని వ్రాసి కాల్షియము కట్టవలెను. బాలికలు తమది కూడ వ్రాసికొనవలెను. ఎముకలలో సున్నము నిండుట ముఖ్యముగ బాల్య యౌవనములలో జరిగి, ముప్పదేండ్ల నాటికి ముగియును. ఏబదవ ఏట కరగిపోవు ఎముక ఎంత మిగులుననునది పదునైదవ ఏట తిన్న తైదల సంకటిపై కూడ ఆధారపడియుండును.